అత్తమ్మ గొంతుతో కట్టిన చడావ్

గణపతి ఊరేగింపుల్లో లారీ మీద పెట్టి వాయించే డాన్సు క్యాసెట్లను మా ఆయన ఇంట్లోనే తయారుచేసేవారు. తొంభైల నడుమ మాట. షోలాపూర్‌లో కుంఠా నాకా వెనక మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తమ్మ బీడీలు చుట్టేది. వెనక గదిలో ఒక కీబోర్డు, రెండు క్యాసెట్లు పట్టే టేపు డెక్కు ఉండేవి. ఆయన అసలు పని కార్ఖానాలో జాబర్ పని, అంటే చెడిపోయిన మరమగ్గాలను బాగుచేయడం. పాటల పిచ్చి వేరే. ఆ క్యాసెట్లలో ఒకదాని కోసం నేను చేసిన పనిని ఇన్నేళ్లూ బయట ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పుకోవడం సులువు, ఎదురు మాట్లాడడు.

నేను బడికి పోలేదు. జోడ్‌భావి పేటలోని పుట్టింట్లో మా నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టి, భజన పుస్తకం ముందు పెట్టి నాలుగక్షరాలు నేర్పాడు. ఆ పుణ్యానికి ఇప్పటికీ రోజూ ఆయనకు దండం పెట్టుకుంటాను. పాట మాత్రం పెళ్లయి వచ్చాక అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీ చుడుతుంటే నోరు పాడుతూ ఉండేది. శుక్రవారం మా గల్లీ ఆడవాళ్ల భజనకు ఆమే పెద్ద.

ఒకరోజు గణపతి మండలం, అంటే మా పేటలో గణపతిని నిలిపే సంఘం వాళ్లు వచ్చి మా ఆయన చేసిన కొత్త క్యాసెట్ వెనక్కి ఇచ్చారు.

"అన్నా, సౌండ్ మంచిగనే ఉంది. కానీ పబ్లిక్ ఊగుతలేదు. మొదటికెళ్లి ఆఖరి దాక ఒక్క తీరుగ ధబ్ ధబ్ ధబ్. లూమ్ నడిచినట్టుంది. లూమ్ ముందట ఎవడన్న డాన్స్ చేస్తడా?"

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నాకే ఆగలేదు.

"నవ్వనంటే ఒక మాట చెప్త."

"చెప్పు."

"శుక్రవారం భజనల ఆఖరికి మేమేం చేస్తమో ఎన్నడన్న ఇన్నరా?"

ఆయన వినలేదు. ఆడవాళ్ల భజన ఏ మగవాడు వింటాడు? అందుకని కంచం పక్కనే మోకాలి మీద తాళం వేసి చూపించాను. మొదట నిదానంగా మొదలుపెడతాం. తరువాత తాళం రెట్టింపు చేస్తాం. మళ్లీ దానికి రెట్టింపు. పాట మొత్తం పాడడం మానేసి ఒక్క పాదమే పాడతాం, ఆ తరువాత పాదంలో సగమే, ఆఖరికి ఒక్క నామమే. చేతులు ఇక ఆడవు అనే చోట అందరం ఒక్కసారిగా ఆపేస్తాం. ఒక్క ఊపిరి కాలం ఏ చప్పుడూ ఉండదు. అప్పుడు అందరం కలిసి జై కొడతాం. ఆ చప్పుడు లేని చోటు గురించి అత్తమ్మ అనేది: "అండ్ల సామి వస్తడు. దారి ఇడువాలె."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అంటే మంది దెబ్బ కోసం ఎదురు చూడాలె. గట్లనా?"

"గట్లనే."

ఆ వారమంతా కీబోర్డు మీద డ్రమ్ము మోతను రెట్టింపు మీద రెట్టింపు చేసి, చివర టక్కున ఆపి, మళ్లీ దభేలుమని మొదలుపెట్టి చూశారు. దానికి ఆయన పెట్టుకున్న పేరు చడావ్, ఎక్కుడు అన్నమాట. నిజంగానే ఒంట్లో ఏదో లేచేది. కానీ ఆయనకు ఇంకా తక్కువే అనిపించింది. మోత వేగంగా పోతోంది గానీ దానితోపాటు పైపైకి లేచే గొంతు ఒకటి కావాలన్నారు. కీబోర్డులోని ఈల చప్పుడు పెట్టి చూశారు.

ముందు గదిలోంచి అత్తమ్మ అరిచింది: "ఓరయ్యా, కుక్కర్ దించుండ్రి, పప్పు మాడుతుంది!"

ఆ ఏడు ఎండాకాలం నుంచీ అత్తమ్మ గొంతు పోతూ వచ్చింది. తంబాకు దుమ్ము వల్లే అన్నాడు డాక్టరు, ముట్టుకోవద్దన్నాడు. "ముట్టకుంట బీడీలు కాళ్లతోని చుట్టాల్నా?" అని లేచి వచ్చేసింది. కానీ లోపల ఆమెకు భయం పట్టింది. ఒక పాట గురించి భయం. సిరిసిల్ల దిక్కు ఆమె పుట్టింట్లో, మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే పొద్దున వాళ్లమ్మ పాడే హారతి పాట అది. ఏ పుస్తకంలోనూ లేదు. 'పోగు పోగున నీవె సామీ, పొద్దు పొద్దున నీవె' అని వస్తుంది. మాటలు నాకు వచ్చు. మూడో చరణం చివర 'నీవె' అన్న దగ్గర ఆమె గొంతు ఒక మెలిక తిరిగేది. అది నాకు ఎప్పుడూ పట్టుబడలేదు. గల్లీలో ఇంకెవరికీ ఆ పాటే రాదు.

"బిడ్డా, గొంతు ఉన్నప్పుడే గీ పాట టేపుల పట్టుండ్రి," అంది ఒకరోజు. "మా అవ్వది. నాతోని పోవద్దు."

మా పేటలో ఏదైనా టేపులో పట్టాలంటే వారానికి ఒక్కరోజే కుదిరేది. మిగతా రోజుల్లో నాలుగు దిక్కులా మరమగ్గాలు మోగుతూనే ఉంటాయి. వారంలో ఒకరోజు కరెంటు బంద్. ఆ రోజు మగ్గాలు ఆగేవి, పక్కింటి దగ్గు కూడా వినపడేది. కరెంటు ఉండదు కనుక టేపుకు సెల్లులు వేసుకోవాలి.

ఆ బంద్ రోజు ఆయన ఊళ్లో లేరు. అత్తమ్మ తలారా స్నానం చేసి, దీపం పెట్టి, పీట మీద కూర్చుంది.

"కొత్త సెల్లులు ఎయ్యి పిల్లా. పెట్టెల ఉన్నయ్."

ఉన్నాయి. కానీ అవి కీబోర్డు కోసం ఆయన దాచుకున్నవి. వాడేసిన సెల్లులను మా గల్లీలో అందరిలాగే నేనూ రేకుల కప్పు మీద ఎండబెట్టేదాన్ని. ఎండ తగిలితే వాటికి మళ్లీ కాస్త ప్రాణం వస్తుంది. ఒక్క పాటకు ఇవి చాలవా అనుకుని, ఎండిన సెల్లులే వేశాను.

"కొత్తవేనా?"

"కొత్తవే అత్తమ్మా."

ఆమె పాడింది. గొంతు బాగా సహకరించింది ఆ పూట. నేను కళ్లు మూసుకుని చేతులు జోడించుకుని విన్నాను. కళ్లు తెరిచి ఉంటే క్యాసెట్ చక్రం నెమ్మదిస్తున్నది కనపడేదేమో.

మర్నాడు అత్తమ్మ చుట్టిన బీడీలు కంపెనీలో ఇచ్చి రావడానికి వెళ్లింది. ఆయన వచ్చారు. కరెంటు మీద క్యాసెట్ పెట్టాం. మొదటి చరణం అత్తమ్మే. రెండో చరణంలో గొంతు పైకి జరగడం మొదలైంది. మూడోదానికి వచ్చేసరికి అరవై దాటిన మనిషి గొంతు పదేళ్ల పిల్ల గొంతై, ఇంకా పైకి పోయి, చివర 'నీవె' దగ్గర చిలక అరుపైంది. నాకు నవ్వు వచ్చింది. తరువాత ఎండబెట్టిన సెల్లులు గుర్తొచ్చాయి.

"సెల్లులు పడిపోయినయ్," అన్నారాయన. "పట్టేటప్పుడు టేపు మెల్లగ తిరిగింది. ఇప్పుడు కరెంటు మీద సక్కగ తిరుగుతుంటే పాట ఉరుకుతుంది. ఎంత పడిపోతే అంత ఉరుకుతుంది." అంటూనే ఆయన ముఖం మారిపోయింది. "మల్ల ఎయ్యి. మూడో చరణం."

మళ్లీ వేశాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన వెతుకుతున్న, పైపైకి లేచే గొంతు అదే.

"అవ్వ ఏమన్న అంటదేమో," అన్నారు. అడిగింది ఆయనే. నేను వద్దని ఉంటే ఆగిపోయేవారు.

"ఎట్లయినా పాడైన పాటే కదా," అన్నాను నేను. "అచ్చే బంద్ రోజు కొత్త సెల్లులతోని మల్ల పాడిద్దాం."

ఆపు మీట నొక్కుతూ వదులుతూ ఆ పాదాన్ని ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు ముక్కలుగా ఎక్కించాం. ఎక్కడ కోయాలో చెప్పింది నేనే. మోకాలి మీద తాళం వేస్తూ, భజనలో నేర్చుకున్న లెక్కతోనే చెప్పాను. ముందు పాదం మొత్తం. తరువాత సగం. తరువాత 'నీవె, నీవె.' ఆ తరువాత 'నీ, నీ, నీ, నీ' అని గింజలు రాలినట్టు. దాని కింద ఆయన డ్రమ్ము రెట్టింపవుతూ వచ్చింది. చివర ఒక్క ఊపిరంత ఖాళీ. అప్పుడు దెబ్బ. స్వామిని పిలిచే మాటను అట్లా తరిగాను. తరిగినంతసేపూ సంతోషంగానే ఉన్నాను, అది దాచను. నా మాట విని ఒక మనిషి పని చేస్తున్నాడు, అది బాగా వస్తోంది. ఆ గర్వంలో ఆ గొంతు ఎవరిదో మరిచిపోయాను.

సాయంత్రం అత్తమ్మ చెప్పులు విడుస్తూనే అడిగింది: "నా పాట అచ్చిందా?"

"అచ్చింది అత్తమ్మా. డెక్కు ఖాళీ లేదు, తర్వాత ఇనిపిస్త."

ఆ వారంలోనే ఆమెకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. బంద్ రోజు వచ్చేసరికి జ్వరం తగ్గింది గానీ, పీట మీద కూర్చుని నోరు తెరిస్తే గాలి వచ్చింది, గొంతు రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి నవ్వింది. "పోనియ్ తియ్. మొన్నటిది ఉన్నది గద. ఇయాల్నో రేపో ఇనిపియ్యి."

అప్పుడే చెప్పాల్సింది. కాళ్ల మీద పడి చెప్పాల్సింది. నేను చేసింది వేరు. మర్నాడు మధ్యాహ్నం ఆమె నిద్రపోతుండగా వెనక గది తలుపు వేసుకుని, ఆ క్యాసెట్ డెక్కులో పెట్టి, మైకు లేకుండా రికార్డు మీట నొక్కాను. పాట అంతా తుడిచిపెట్టుకుపోయేదాకా పక్కనే కూర్చున్నాను. తన పాట చిలక అరుపైందని ఆమెకు తెలిస్తే బాధపడుతుంది, అందుకే ఇది అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సెల్లుల విషయంలో నేనాడిన అబద్ధం బయటపడుతుందని భయపడ్డాను. చాలా రోజుల తరువాత మా ఆయన అన్నారు, పడిపోయిన సెల్లుల మీదే మళ్లీ వాయించి ఉంటే ఆ పాట కొంచెమైనా దారికి వచ్చేదేమోనని. నాకు ఆ సంగతి తోచలేదు. తోచినా ఆగేదాన్నో లేదో తెలియదు.

"టేపు చిక్కుకున్నది అత్తమ్మా. తెగిపోయింది," అన్నాను.

"మిషిన్ గద, దాని తప్పేమున్నది," అని నా తల నిమిరింది.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం, అశోక్ చౌక్ దిక్కు నుంచి మండలం లారీ మా గల్లీలోకి మళ్లింది. అత్తమ్మ హారతి పళ్లెంతో గడపలో నిలబడింది, పక్కన నేను నీళ్ల బిందెతో. మా ఇంటి ముందుకు వచ్చేసరికి చడావ్ మొదలైంది. ఎగిరేవాళ్లు ఎగరడం ఆపి చేతులు పైకెత్తారు. ఆడపిల్లలు కూడా మెడలు చాచి చూస్తున్నారు. 'పొద్దు పొద్దున నీవె' అని గొంతు లేస్తూ పోయింది. పక్కింటామె "ఎవ్వరిదే గీ కోడిపిల్ల గొంతు!" అని పకపకా నవ్వింది.

అత్తమ్మ నవ్వలేదు. లారీ వైపు కూడా చూడలేదు. నా వైపు చూసింది. ఎంత పీలగా అరిచినా తన తల్లి పాట ఆమెకు తెలియదా? 'నీ, నీ, నీ' అంటూ ముక్కలు రాలుతున్నంతసేపూ నన్నే చూస్తూ ఉంది. చప్పుడంతా ఆగింది. నేను లెక్కపెట్టి వదిలించిన ఆ ఖాళీలో, అంత మంది ఊపిరి బిగబట్టిన చోట, అత్తమ్మ అలవాటుగా కళ్లు మూసుకుని, బొంగురుపోయిన గొంతుతో "సామీ" అంది. నాకు ఒక్కదానికే వినపడింది. దెబ్బ పడింది. గల్లీ అంతా ఎగిరింది.

ఆమె హారతి ఇచ్చిన తరువాతే లోపలికి వచ్చింది. చాట ముందు కూర్చుంది గానీ ఆకు పట్టుకోలేదు.

"టేపు తెగింది అంటివి."

సెల్లుల దగ్గర నుంచి తుడిపేసిన దాకా అంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"ఎండిన సెల్లులకు కక్కుర్తి పడితివా," అంది చివరకు. "పడితే పడితివి, నేను పడనా? కానీ నా పాట నువ్వు తుడుస్తవా పిల్లా? ఊరంత ఎగరనీకి ఉన్నది, నేను ఇననీకి లేదా?"

నిమజ్జనం అయి ఇంటికి వచ్చాక మా ఆయన తల్లి కాళ్లు పట్టుకుని ఆ క్యాసెట్ మళ్లీ ఇవ్వనన్నారు. కానీ అప్పటికే దాని నకళ్లు నాలుగు మండలాలకు చేరిపోయాయి. ఇంకా మూడు నాలుగేళ్లు అది మా పేటలో మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా నేను లోపలికి పోయేదాన్ని.

మరుసటి శుక్రవారం ఆమే నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను పాడాలి, ఆమె దిద్దాలి. ఇంత చేసినదానికి మళ్లీ పాట నేర్పడానికి కూర్చున్న ఆ మనిషికి నేను ఏ జన్మలో రుణం తీర్చుకోగలను? మొదటి రెండు చరణాలూ దారికి వచ్చాయి. మూడోదాని చివర 'నీవె' దగ్గర నేను ఎట్లా తిప్పినా తల అడ్డంగా ఊపేది. "గట్ల కాదు." తాను పాడి చూపబోతే గొంతు పలికేది కాదు. చడావ్ క్యాసెట్లోనూ డ్రమ్ము మోత కింద ఆ మెలిక ఆనవాలు దొరకలేదు. చేత్తో చూపేది, చెయ్యి పైకి లేచి, ఒంగి, ఎటో తిరిగేది. నేను ఆ చేతిని చూస్తూ పాడేదాన్ని. "దగ్గరికి అచ్చినవ్," అనేది ఒక్కోసారి. "ఇదే" అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అట్లాగే రెండేళ్లు నేర్పి, వెళ్లిపోయింది.

ఇప్పుడు మా గల్లీలో నా దగ్గర ఆ పాట నేర్చుకునే కోడళ్లు ఐదారుగురున్నారు. బాగా పాడతారు. మూడో చరణం చివరకు రాగానే నేను చెయ్యెత్తి ఆపుతాను. "ఈ మెలిక మా అత్తమ్మది కాదు," అని చెబుతాను. "ఆమెది నా చేతులతోనే పోయింది. ఇది నేను కట్టుకున్నది." వాళ్లు తల వంచుకుంటారు. మళ్లీ పాడిస్తాను.