యారాలి ఆది

జమునకు రొమ్ములో ఉన్న గడ్డ క్యాన్సరేనని తేలిన రోజు ఇంట్లోవాళ్లకు ముందుగా గుర్తొచ్చిన పేరు దేవుడిది కాదు, నవనీతది. ఆసుపత్రి మెట్లు దిగుతూనే భర్త రాజ్‌కుమార్ తమ్ముడికి ఫోన్ కలిపాడు.

"ఒక్కసారి నవనీతకియ్యి రా. ఆమెకైతే అన్ని ఎర్కనే."

పక్కనే నిలబడిన జమున, జబ్బు నాది, పెద్దరికం ఆమెది అనుకుంది.

నవనీత ఆమెకు యారాలు, మరిది భార్య. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉంటుంది. రెండేళ్ల కింద ఆమెకూ ఇదే జబ్బు వచ్చింది. గడ్డ చిన్నది, తొందరగా దొరికింది. గడ్డ వరకే తీసి, తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను ఇక్కడ అందరూ కరెంటనే అంటారు. కీమో ఇంజెక్షన్ల అవసరం కూడా పడలేదు. అప్పట్నుంచి నవనీత మనిషి కాదు, ఆదర్శం. మహిళా దినోత్సవం నాడు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. వెనక బ్యానర్ మీద 'చిరునవ్వుతో క్యాన్సర్‌ను జయించిన నవనీత' అని రాయించారు. చిరునవ్వే సరిపోయేదైతే మరి ఆపరేషన్ ఎందుకు చేశారో బ్యానర్ రాసినవాడికే తెలియాలి.

జమున అసూయకు ఈ జబ్బుతో పనిలేదు, అది పాతదే. పెండ్లి ముందు తనకే అయినా కొడుకు ముందు పుట్టింది నవనీతకు. నెల తిరిగితే జీతం తెచ్చే మొగుడు నవనీతకు, గ్రానైట్ యార్డులో దుమ్ము మింగే మొగుడు తనకు. అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. జమున కరీంనగర్ మంకమ్మతోటలో జాకెట్లు కుడుతుంది. ఇరవై ఏళ్లు ఆమె కుట్టినవే తొడుక్కున్న నవనీత, ఆపరేషన్ అయ్యాక బట్ట పంపడం మానేసింది. గోదావరిఖనిలోనే ఏదో బొటిక్కట. సొంత యారాలు పరాయి కుట్టు తొడుక్కుని పెండ్లిళ్లకు వస్తే, అది నలుగురిలో చెంపదెబ్బ.

డాక్టర్ జ్యోతిరాణి కోస్తా నుంచి వచ్చినావిడ. జమున ముందు రెండు దారులు పెట్టింది. ఇప్పుడే రొమ్ము మొత్తం తీసేయడం ఒకటి. ముందు ఇంజెక్షన్లిచ్చి, గడ్డ కుంచించుకుపోతే గడ్డ వరకే తీసి, ఆపై రేడియేషన్ ఇవ్వడం రెండోది.

"మొత్తం తీస్తే ఇంజెక్షన్లు తప్పుతయా మేడమ్?" రాజ్‌కుమార్ అడిగాడు.

"తప్పవు. తర్వాతైనా ఇవ్వాల్సిందే. ఈమె విషయంలో ప్రాణానికి రెండు దారులూ ఒకటే. ఆలోచించుకుని చెప్పండి."

జమున ఆలోచించలేదు. "మా యారాలుకు చేసినట్టే చెయ్యిండ్రి మేడమ్. గామెదే ఆది అనుకోండ్రి."

డాక్టర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "ఆదివారం ఆపరేషన్లు ఉండవమ్మా."

రాజ్‌కుమార్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలతకని ఇచ్చే పాత జాకెట్టును ఆది అంటారని అతనే వివరించాడు. అర్థమయ్యాక డాక్టర్ నవ్వలేదు.

"ఆమె గడ్డ వేరు, మీ గడ్డ వేరు. ఆమె కొలతకు మీకు కొయ్యలేను. మీకేం కావాలో అది చెప్పండి. సోమవారం రండి."

నీకేం కావాలని జమునను అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఇంటికెళ్తే ఆడబిడ్డ మల్లక్క తీర్పు సిద్ధంగా ఉంచింది. "పిల్లలు పెద్దగైరి. ఇంక గది ఉండి ఏం జేస్తదే? తీపిచ్చి పారెయ్, పీడ పోతది." అటక మీది పగిలిన బిందె గురించి చెప్పినట్టు చెప్పింది. రాజ్‌కుమారేమో "నీ ఇష్టం జమునా, నువ్వెట్లంటే గట్లనే" అన్నాడు. వినడానికి ప్రేమలాగే ఉంటుంది. నిజానికది తన నెత్తి మీది బరువును ఇంకొకరి నెత్తికెత్తడం.

ఆదివారం ఖని బస్సు దిగి నవనీత వచ్చింది.

"లీడరమ్మ ఒచ్చింది," అంది జమున మిషన్ మీంచి తలెత్తకుండా. "మైకు తేలేదా?"

"తిట్టుడైనంక చెప్పక్కా, చాయ్ పెడ్త."

"బొటిక్ జాకెట్టు మస్తున్నదే. గా చేతులు నాకు కుట్టరాదా?"

నవనీత తలుపు దగ్గరికేసి, కొంగు తీసింది. "టేపు వెట్టి చూడు."

జమున కన్నుకు టేపు అక్కర్లేదు, అయినా పెట్టింది. ఎడమవైపు జాకెట్టు లోపల దూది మెత్త కుట్టి ఉంది.

"కరెంటు పెట్టినంక గట్టిపడ్డదక్కా. జర గుంజుకపోయింది. నీ టేపుకు దొరికిపోత అని రాలే. తెలిస్తే నువ్వు సంబురపడ్తవు."

నిజమే, జమున సంబరపడింది. అది ఎంతోసేపు నిలవలేదు. టేపు మీద బొటనవేలు ఆగిన చోటు చూసేసరికి ఒళ్లు మండింది.

"అర ఇంచు! గింతదానికా నా తాన కుట్టిచ్చుకునుడు బందు వెట్టినవ్? నాకు గీపాటి మిగిల్తే టవర్ సర్కిల్ బజారంత తిరిగి చూపెడ్దు."

నవనీత పగలబడి నవ్వింది. నవ్వి, కొంగు సర్దుకుంటూ మెల్లగా అడిగింది. "అంటే, నీకు ఉంచుకోవాల్నని ఉన్నదా అక్కా?"

జమున మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. సూదికింద బట్ట లేదు. నవనీతకున్నది నాకెందుకుండద్దు అని అరవడం ఆమెకు తేలిక. నలభై ఏడేళ్ల ఆడది నా ఒళ్లు నాకు కావాలనడమే కష్టం. అసూయపడితే లోకం మందలించి వదిలేస్తుంది, కోరిక చెబితే నోరు నొక్కుకుంటుంది. ఇన్నాళ్లూ ఆమె మందలింపుకే సిద్ధపడింది.

సోమవారం డాక్టర్ గదిలో రాజ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్ల పెద్దోళ్లు ఏమంటుండ్రంటే..."

"నువ్వాగు," అంది జమున. "నాకు ఉంచుకోవాల్నని ఉన్నది మేడమ్. యారాలుకు ఉన్నదని కాదు." అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "గది గూడ ఉన్నది. కని, నాకు కావాలె."

"గడ్డ తగ్గకపోతే మొత్తం తీయాల్సి వస్తుంది. అప్పుడు బాధపడకూడదు."

"బాధ పడ్తనే పడ్త. అయినా ఇప్పుడొద్దు, గప్పుడే తియ్యిండ్రి."

డాక్టర్ తల ఊపి, ఇంజెక్షన్లకు వాంతులవుతాయని, వెంట్రుకలు రాలతాయని చెప్పుకుంటూ పోయింది. వాంతుల దగ్గర జమున చలించలేదు.

బయట బెంచీ మీద నవనీత కూర్చుని ఉంది. నడుము దాటిన జడ భుజం మీంచి ముందుకు పడి ఉంది. సంగతి విని జమున చెయ్యి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకక్కా. వెంట్రుకలేంది, మళ్ల మొలుస్తయి."

"నీకేంది, నీయి రాలితే గదా! ముందు గా జడ ఎనుకకేస్కో. నా కండ్లల్ల పొడుస్తున్నది."

నవనీత జడ వెనక్కి వేసుకుని పక్కకు జరిగింది. జమున ఆ జాగాలో కూర్చుంది. మొదటి ఇంజెక్షన్ ఎప్పుడో నర్సు వచ్చి చెప్పేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఈలోగా జమున ఒకట్రెండుసార్లు వెనక్కి వంగి, ఆ జడ ఎక్కడిదాకా ఉందో కంటితోనే కొలుచుకుంది.