ఒకే సమ్మర్ జాబు, నలుగురు తల్లులు

మంచి చేయబోయి చెడగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. ప్రభుత్వం పక్కన నిలబడి సగం జీతం నేనిస్తానన్నా చెడగొట్టుకున్నవాణ్ణి మాత్రం, కెనడాలో మేముండే ఈ కనాటా ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. చివరిదాకా ఆగినా నా పరువు పెరిగేదేమీ లేదు.

ఇది కొన్నేళ్ళ కిందటి మాట. టెలికాం ఉద్యోగం పోయాక నేనూ నా భార్య వసుధా కలిసి ఒక ప్లాజాలో చిన్న టిఫిన్ సెంటర్ పెట్టాం. వంట ఆమెది, కౌంటరు నాది. ఇరవై ఏళ్ళు నెట్‌వర్కులు నడిపినవాణ్ణి, నాలుగు బల్లల హోటలు నడపలేనా అనుకున్నాను. నెట్‌వర్కు పడిపోతే టికెట్టు పెట్టి కాఫీకి వెళ్ళవచ్చు. సాంబారు అయిపోతే ఎక్కడికి వెళతాం? అందులోనూ వేసవి వస్తే సాకర్ ఆడి వచ్చిన పిల్లలు, వాళ్ళను తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఒక్కసారిగా మీద పడతారు.

మా ట్యాక్సుల సంగతి చూసే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. వేసవిలో కుర్రవాళ్ళకు పని ఇచ్చే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం జీతంలో కొంత సబ్సిడీ ఇస్తుందట. చలికాలంలో అప్లై చేశాం, వసంతంలో ఒక్క పోస్టు మంజూరైంది. మా అబ్బాయినే పెట్టుకుందామంది వసుధ. యజమాని సొంత పిల్లలు పనికిరారన్నది రూలు. ఆ రూలు చదివి వినిపించినప్పుడు మా అబ్బాయి ముఖంలో వెలిగినంత దేశభక్తి నేను కెనడా డే నాడు కూడా చూడలేదు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అవతలివాళ్ళు అడగబోతుంటేనే పెట్టేసే రకం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత చెప్పినవాడు నా నోరు చూసి ఉండడు. అది మరీ మంచిది, దాని దెబ్బకే ఊరు చెడింది.

ఇంటికో వంటకం తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో లలిత గారు కనిపించారు. వాళ్ళమ్మాయి హారిక పన్నెండో తరగతి. "సమ్మర్‌లో ఏదైనా జాబ్ చేస్తానంటోందండీ. ఎక్కడికెళ్ళినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడుగుతున్నారట" అన్నారామె.

"ఇంకెక్కడికో ఎందుకండీ, మన దగ్గరే ఉందిగా. హారికకి కన్‌ఫర్మ్ అనుకోండి" అన్నాను.

అంతటితో ఆగితే ఇది కథయ్యేది కాదు. పులిహోర దగ్గర మొదలైన నా ఔదార్యం పాయసం దాకా పారింది. ఆ వరసలో నిఖిల్ వాళ్ళమ్మకు, సాత్విక్ వాళ్ళమ్మకు, రియా వాళ్ళమ్మకు కూడా అదే ఉద్యోగం అంతే గట్టిగా ఇచ్చేశాను. ఇచ్చినప్పుడల్లా వాళ్ళ ముఖాలు వెలగడం చూసి, సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వం కాదు, నేనేనన్నంత తృప్తి కలిగింది.

తిరిగి వస్తుంటే కారులో వసుధ నెమ్మదిగా అడిగింది, ఎంతమందికి చెప్పానని. చెప్పాను.

"ఏదో మాట వరసకి అన్నాను" అన్నాను.

"వాళ్ళు మాట వరసకి వినలేదు" అంది.

చివరికి దారి కూడా ఆమే చూపింది. నలుగురినీ ఇంటర్వ్యూకి పిలిచి, పనికొచ్చేవాళ్ళను తీసుకుని, మిగిలినవాళ్ళకు మర్యాదగా సారీ చెప్పమంది. ఒక శనివారం మధ్యాహ్నం, కస్టమర్లు పలచబడ్డాక పిలిచాను. తల్లులు పిల్లల్ని దింపి పార్కింగ్‌లో వ్యాన్లలో కూర్చున్నారు. నేను మూలబల్ల దగ్గర, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా సర్దుకుని కూర్చున్నాను.

మొదట నిఖిల్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. కూర్చుంటూనే గొంతు తగ్గించాడు. "అంకుల్, ప్లీజ్ డోంట్ హైర్ మీ." స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డ్ పని అప్పటికే దొరికిందట. వాళ్ళమ్మకు నీళ్ళంటే భయం కాబట్టి ఇంకా చెప్పలేదట. నేను కాదంటే, ఇక వేరే దారి లేక దాంట్లో చేరినట్టు చెప్పుకుంటాడట. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఎండాకాలంలో మజ్జిగ తాగినట్టయింది నాకు. ఒక తల్లి తగ్గింది.

సాత్విక్‌కు ఏ పనీ లేదు, ఏ పనీ వద్దు కూడా. వేసవంతా నిద్రపోవాలన్నది అతని ఆశయం. అతనికీ మాటిచ్చాను. రియాకు స్నేహితురాళ్ళతో కలిసి పిల్లల క్యాంపులో పనిచేయాలనుంది, పైగా జుట్టుకు తాలింపు వాసన పడుతుందని దిగులు. ఆమెకూ మాటిచ్చాను.

చదువరులారా, ఇక్కడ నా స్థితి ఊహించుకోండి. ముగ్గురు పిల్లల గుట్టు నా గుండెలో ఉంది. తల్లుల బారి నుంచి కెనడా యువతను కాపాడేందుకే నేను పుట్టానని అనిపించడం మొదలైంది. సరిగ్గా అప్పుడు హారిక లోపలికి వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది.

"అంకుల్, ఐ రియల్లీ..."

నేను చెయ్యెత్తాను. "నాకు తెలుసమ్మా, నువ్వేం చెప్పక్కర్లేదు. ఈ పనికి సరిపోలేదని అమ్మకి నేనే చెప్తాలే. హ్యాపీగా వెళ్ళు."

ఆ అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగింది. "సరిపోనా?"

"అస్సలు సరిపోవు" అన్నాను భరోసాగా నవ్వుతూ.

థ్యాంక్స్ చెప్పి లేచి వెళ్ళిపోయింది. పాపం ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళి, గొడవ తీరిపోయింది, నలుగురికీ ఈ ఉద్యోగం అక్కర్లేదట అని వసుధకు గర్వంగా చెప్పాను. ఆమె పెనం మీద నుంచి చూపు తిప్పకుండా, "మరి పని ఎవరు చేస్తారు?" అంది. అంతవరకూ నాకు ఆ కోణం తట్టలేదు.

ఆ మాట మీదే ఫోను మోగింది. లలిత గారు. వ్యాన్‌లో కూర్చుని హారిక ఏడుస్తోందట. వారం నుంచీ మా మెనూ అంతా బట్టీపట్టిందట. మా ఊరి పక్క నది దాటితే అంతా ఫ్రెంచి మాట్లాడేవాళ్ళే కాబట్టి, వాళ్ళు కూడా వస్తే చెప్పాలని, పెసరట్టు అంటే ఏమిటో ఫ్రెంచిలో రాసుకుని అద్దం ముందు చెప్పుకుందట. ఇదంతా చెప్పి ఆమె నెమ్మదిగా అడిగారు. "ఇంటర్వ్యూ అంటే ఏదో ఒకటి అడుగుతారు కదండీ. మీరేం అడిగారు?"



మర్నాడు ఇడ్లీలు కట్టించుకుని వాళ్ళింటికి పరిగెత్తాను. హారిక లేదు. కళ్ళు తుడుచుకుని ముందురోజు సాయంత్రమే మా ప్లాజా చివరున్న ఐస్‌క్రీం షాపులోకి వెళ్ళిందట. వాళ్ళకూ సబ్సిడీ పోస్టు ఉందట. ఆ యజమానురాలు ప్రశ్నలు అడిగి, జవాబులు పూర్తిగా విని, అక్కడికక్కడే తీసుకుందట. ఇడ్లీల పొట్లంతోనే అక్కడికి వెళ్ళాను. ఏప్రన్ కట్టుకుని, ఏ ఫ్లేవర్ కావాలని హారిక అడిగింది. ఏ ఫ్లేవరూ వద్దని జరిగింది చెప్పాను, మిగతా పిల్లల పేర్లు మాత్రం మింగేశాను. అడ్డురాకుండా మొత్తం విన్నది. నవ్వింది కూడా. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

"మీ దగ్గరే చెయ్యాలనుకున్నా అంకుల్. బట్ వీళ్ళకి ఓకే చెప్పేశా. ఇప్పుడు మానేస్తే బాగోదు కదా" అంది.

పదిహేడేళ్ళ పిల్ల ఒక ఉద్యోగానికి ఒక్క మాటే ఇచ్చింది. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి నేను నాలుగిచ్చాను.

మళ్ళీ ప్రకటన వేశాను. పరుగున వచ్చినవాళ్ళంతా తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ కాలేజీ చదువుకొచ్చిన పిల్లలు. బంగారంలాంటి పనివాళ్ళు, కానీ సిటిజన్లకూ, శాశ్వత నివాసానికి పీఆర్ ఉన్నవాళ్ళకూ మాత్రమే సబ్సిడీ వర్తిస్తుంది. అర్హత ఉన్నవాళ్ళు ఎక్కడో ఒకచోట కుదిరిపోయారు. పనిలో చేర్చుకోవలసిన గడువూ దాటింది. ఆ ముగ్గురు తల్లులైతే వేసవంతా మా గడప తొక్కలేదు. మావాడిలో లోపమేమిటని నిఖిల్ వాళ్ళమ్మ ఫోనులో నిలదీస్తే, ఇచ్చిన మాట గుర్తొచ్చి, కమ్యూనికేషన్ స్కిల్స్ అన్నాను. అలా అనడానికి నాకంటే అర్హుడు ఎవడున్నాడు?

కౌంటరు, బల్లలు తుడవడం, గిన్నెలు, అన్నీ నా మీదే పడ్డాయి. వసుధ సూపర్‌వైజరు. జూలైలో సబ్సిడీ ఆఫీసు నుంచి ఫోనొస్తే ఆమే ఎత్తింది. వేసవికి తీసుకున్న యూత్ ఎలా పనిచేస్తున్నారని వాళ్ళు అడిగారు. ఆమె వెనక్కి తిరిగి, చేతులకు సబ్బు నురగతో నిలబడ్డ నన్ను ఒకసారి పైనుంచి కిందకు చూసింది. ఇంగ్లీషులో ఆమె ఇచ్చిన సమాధానం సారాంశం ఇది: "యూత్ ఎవరూ దొరకలేదండీ. ఒకాయన ఉన్నారు, వయసు దాటిపోయింది. ట్రైనింగ్ ఇస్తున్నాను గానీ, ఇంప్రూవ్‌మెంట్ ఏం కనపడట్లేదు."

ఫోనులో అవతలి మనిషి చాలాసేపు నవ్వడం నాకు వినపడింది.

ఆ సాయంత్రం తడి చేతులతోనే, అల్లప్పచ్చడి జాడీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక మీదట ఎదుటివాళ్ళ వాక్యంలో క్రియ వినపడేదాకా నోరు తెరవను. తెలుగులో క్రియ చివరే వస్తుంది కాబట్టి నాకు ప్రమాదం లేదు. ఇంగ్లీషులో మాట్లాడే పిల్లలకు అది ముందే వచ్చేస్తుంది, అసలు సంగతి ఇంకా వెనకే ఉంటుంది కాబట్టి, వాళ్ళు లేచి, తలుపు తీసుకుని, వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయేదాకా ఆగుతాను.