ఉస్తాద్ చెక్కని మొహాలు

మా ఉస్తాద్ పోయారు. కొత్తగూడెంలో, తెల్లవారి నమాజుకు లేవబోతూ మంచం మీదే ఒరిగిపోయారట. నాకు చెక్కడం నేర్పిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ మనసులో ముల్లు పెట్టుకుని మంచి మాటలు రాయడం నాకు చేతకాదు.

ఆయన గుమ్మడి టేకుతో వజ్రపాణి బొమ్మలు చెక్కేవారు. బుద్ధుడికి కాపలా ఉండే దేవుడు వజ్రపాణి. గుడ్లురిమి, పళ్లు బిగించి ఉంటాడు. మా బొగ్గుగని క్వార్టర్లలో బౌద్ధం తీసుకున్న ఇళ్లలో బుద్ధుడి పక్కన ఉండేది ఎక్కువగా ఉస్తాద్ చేతి బొమ్మే. సాయిబువై ఉండి ఇదేం పని అని ఎవరైనా అడిగితే, "కాపలాదారును చేస్తున్న భాయ్, తప్పేంది?" అని నవ్వేవారు.

పొద్దున షెడ్డులోకి అడుగు పెట్టగానే నన్ను ఒకటే అడిగేవారు. "ఇంట్ల ఎవలితోనన్న లొల్లి పెట్టుకొని వచ్చినవా బేటీ?"

అవునంటే ఉలి లాక్కుని గరుకు కాగితం చేతికిచ్చేవారు. "మన కోపం దాని మొహానికి అంటుతది. అది ఇంటిని కాయాలె, ఇంటోళ్లను భయపెట్టొద్దు."

తనూ అంతే. వాళ్లావిడను నేను ఖాలా అంటాను. ఆమెతో మాట పట్టింపు వచ్చిన రోజు ఆయన ఉలి ముట్టేవారు కాదు. తనే చాయ్ పెట్టిచ్చి, రాజీ పడి వచ్చి కూర్చునేవారు. అందుకేనేమో, ఏ రెండు బొమ్మల కోపమూ ఒకేలా ఉండేది కాదు.

నాకు ఒళ్లు, బట్టలు, చేతిలోని వజ్రాయుధం వరకే అనుమతి. మొహం ఇవ్వమని అడిగిన ప్రతిసారీ "ఇంకా నీ చెయ్యి తిరగలే" అనేవారు. నమ్మాను. చివరి ఏడాది అసలు షెడ్డుకే రావద్దన్నారు, కట్టె దొరకడం లేదన్నారు. అదీ నమ్మాను.

పోయినవారి కోసం చదివే ఫాతిహా అయ్యాక ఖాలా నన్ను షెడ్డు సర్దమంది. మూలనున్న గోనెసంచి విప్పితే అన్నీ వజ్రపాణులే. అందరిదీ ఒకటే మొహం. ఎడమ కనుబొమ్మ మీద ఒకటే మడత. ఉలి తగిలిన జాడే లేదు, అంతా మిషన్ కోత.

"చెయ్యి వణుకుడు మొదలైంది బేటీ," అంది ఖాలా. "పట్నంకెల్లి మిషన్‌వి తెప్పిచ్చి, రంగేసి ఇచ్చేటోడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

"నన్ను పిలిస్తే నేను చెక్కనా ఖాలా?"

ఆమె తల దించుకుంది. "నేను గదే అన్న. వినలే."

చెయ్యి వణకడం ఎవరికైనా వస్తుంది, దానికి నేనేమీ అనను. కానీ ఆయన నేర్పిన చెయ్యి పక్కనే ఉండగా మిషన్‌ను నమ్మారు. నా చెయ్యి తిరగలేదు సరే, ఆ మిషన్‌ది ఎప్పుడు తిరిగిందో! నేర్పినందుకు బతికినంత కాలం రుణపడి ఉంటాను. ఇది మాత్రం మోసం. ఇంకో పేరు పెట్టలేను.

ఇంటికొచ్చాను. పోయిన బుద్ధపూర్ణిమకు, మా అమ్మ కోసమే చెక్కానని ఆయన ఇచ్చిన వజ్రపాణి బుద్ధుడి పక్కన ఉన్నాడు. ఎడమ కనుబొమ్మ మీద అదే మడత. నేను చెయ్యి చాపేలోపే అమ్మ ఆ బొమ్మను అందుకుంది.

"పాపం, మీ ఉస్తాద్ ఆఖరి పని ఇదే గావచ్చు. మన కోసం కూసొని చెక్కిండు గదా బిడ్డా?"

"అవ్ అమ్మా," అన్నాను.

అమ్మ కొంగు తడిపి ఆ మొహం మీది దుమ్ము తుడుస్తూ ఉంది, మెల్లగా, ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు.