తోటకు నేను చెప్పిన బెంగాలీ మాట

2020 వానాకాలంలో నేను బెంగాల్‌లో, ఖరగ్‌పూర్ పక్కన ఒక బ్లాకు వ్యవసాయ కార్యాలయంలో క్షేత్ర సహాయకుడిని. మా శాఖలో అది దాదాపు కింది మెట్టు. పొలానికి వెళ్లి చూడాలి, చూసింది పై అధికారికి చెప్పాలి. లాక్‌డౌన్‌లో పంట అమ్ముకోలేకపోయిన రైతులకు ఆ ఏడు ప్రభుత్వం సాయం ప్రకటించింది. దరఖాస్తు పెట్టిన ప్రతి పొలాన్నీ తనిఖీ చేయడం మా పని. సాయం సాగుభూమికే. ఇంటి పెరడుకూ, పళ్ల చెట్లకూ లేదు.

ఝపటాపూర్ దాటాక, అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో ఒకరైన బంగారమ్మగారు ఒక బెంగాలీ ఆసామి నేలను కౌలుకు చేసేవారు. వంగ, ఆనప పండించి ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ బజారులో అమ్మేవారు. బజార్లు మూతపడిన వేసవిలో కాయలు మొక్కల మీదే ముదిరిపోయాయి. సాయం అందితేనే తర్వాతి కౌలు కట్టగలరు. లేకపోతే ఆ నేల ఇంకొకరికి పోతుంది.

జబ్బు భయంతో మా అధికారి జీపు దిగలేదు. నేనే గట్టు మీద నిలబడి అడిగాను.

"ఏటేసినారక్కా?"

"ఏటేస్తాం బాబూ, కూరగాయల తోట. ఆ మూతిగుడ్డ కళ్లక్కూడా కట్టీసినావేటి?"

నవ్వుకుంటూ జీపు దగ్గరకు వెళ్లి, "సబ్జీర్ బాగాన్" అన్నాను. మన తెలుగిళ్లలో కూరగాయలు పండించే చేను కూడా తోటే. బెంగాలీలో బాగాన్ అంటే పెరటి మొక్కలు, పళ్ల చెట్లు. అమ్మకానికి పండించే నేలను ఖేత్ అంటారు. అధికారి "బాగానా?" అని మళ్లీ అడిగారు. అవునన్నాను. ఆయన రాసుకుని, నా బెంగాలీ వింటే నన్ను మద్రాసీ అని ఎవరూ అనుకోరని మెచ్చుకున్నారు.

జీపు కార్యాలయం చేరకముందే తప్పు తట్టింది. చెప్పి ఉంటే ఆయన అక్కడికక్కడే కొట్టేసి మార్చేవారు. ఆ మెచ్చుకోలు ఇంకా చెవిలోనే ఉంది. నోరు విప్పలేదు.

దరఖాస్తు తిరస్కరించారు. కొన్నాళ్లకు బంగారమ్మగారు కార్యాలయానికి వచ్చి, కిటికీ బయటే నిలబడ్డారు.

"నానేటి తప్పు సెప్పినాను బాబూ?"

"తోటన్నారు గదక్కా. సేను అనాల."

"మాయమ్మా అలాగే అనీది. సదువులేని నోరు గదా." మళ్లీ ఆమే, "నా వల్ల నీకు మాటొచ్చిందేటి?" అని అడిగారు.

రాలేదన్నాను. ఆమె మొహం తేటపడింది. అంతే చాలన్నట్టు వెళ్లిపోయారు.

మళ్లీ తనిఖీ చేయాలని కోరుతూ నేను రాయవచ్చు. దానికి వీలుంది, అప్పటికింకా గడువూ ఉంది. కానీ కారణం చూపాలి. కారణం నేనే. రాయలేదు. మాఘం రాకముందే ఆసామి ఆ నేల వేరొకరికి ఇచ్చాడు.

రిటైరయ్యాక పూరీ గేట్ బజారుకు నేనే వెళ్తున్నాను. బంగారమ్మగారు ఇప్పుడూ అక్కడే కూర్చుంటారు, టోకున కొని తెచ్చిన కాయలతో. ఈ మధ్య ఒక బెంగాలీ ఆవిడ వంకాయ నొక్కి చూస్తూ, మీ సొంత బాగాన్‌వేనా అని అడిగింది.

"బాగాన్ నయ్ దీదీ, కేనా," అన్నారు బంగారమ్మగారు. కేనా అంటే కొన్నవి. తర్వాత నా వైపు తిరిగారు.

"ఈపాలి సరిగ్గా సెప్పినానా బాబూ?"

సరిగ్గానే చెప్పారన్నాను. ఎప్పటిలాగే సంచిలో ఒక కాయ ఎక్కువ వేశారు.

దుబాసీ పని నా ఉద్యోగ విధుల్లో ఎక్కడా లేదు. అయినా సర్వీసంతా చేసింది ఎక్కువగా అదే. రెండు భాషలు వచ్చినవాడు మధ్యలో పొరపడితే అటువాళ్లకూ తెలియదు, ఇటువాళ్లకూ తెలియదు. చెప్పాల్సింది అతనొక్కడే. నేను అధికారికి చెప్పలేదు. ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.