పేర్రాజు చేసిన కాలవ నీళ్లు

డెబ్బై నాలుగులో పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరిన పేర్రాజుది రాజోలు. ఇక్కడి బావి ఉప్పునీళ్లు తాగలేక అతని భార్య మాణిక్యం పుట్టింటికి వెళ్లిపోయింది. మంచినీళ్లు దొరికితేనే వస్తానంది.

పేర్రాజు కిరాయి గదిలో కెటిల్‌కి రాగి గొట్టం బిగించి, ఆవిరిని చల్లార్చి నీళ్లు పట్టాడు. ఉప్పు పోయింది, దాంతోపాటు రుచీ పోయింది. ఇక ఊరి కాలవ నీళ్ల రుచి రావాలని ప్రతి ఆదివారం ఆ నీళ్లలో నాలుగు చుక్కల సున్నపుతేట, ఒక ఉప్పురవ్వ వేసి, కుండకు నీళ్లు తేర్చే ఇండుపగింజ రుద్ది, రుచి చూసి పారబోసేవాడు. నన్నడిగితే పిచ్చిపనే.

"ఏంది సారూ, నీళ్లకు గూడ పోపు పెడుతున్నవా?" అనేది ఇంటామె రాజవ్వ. ఆదివారమంతా అతనితో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఎనిమిది నెలలకు రుచి కుదిరింది. ఉత్తరం రాస్తే మాణిక్యం వచ్చింది. గ్లాసెడు తాగి గుమ్మంలోనే కూలబడింది.

"ఏమే, బాగోలేదా?"

"అచ్చం మన కాలవ నీళ్లేనండి. ఇవి తాగుతూ ఇక్కడెలా ఉండనండి? నన్ను అమ్మ దగ్గరికి పంపెయ్యండి," అని ఏడ్చింది.

మర్నాడు ఆమెను బస్సెక్కించి వచ్చిన పేర్రాజు, "కాస్త చప్పగానే వదిలెయ్యాల్సింది, రాజవ్వగారూ," అన్నాడు.