అట్రాక్టా కారు, డీలియా వంటింటి నేల

అట్రాక్టా గిల్రేన్ కారు కొన్న కథ మా లీట్రిమ్ జిల్లా కొండపల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. చెప్పేవాళ్లు సగమే చెబుతారు, ఆమె మోసపోయిన సగం. మిగతా సగం తెలిసినవాళ్లలో బతికున్నది ఇప్పుడు నేనొక్కణ్ణే అనుకుంటాను. అందుకని రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటి నాటికి ఆమెకి యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. పదకొండేళ్లు మంచం పట్టిన తల్లికి చాకిరీ చేసింది. తల్లి పోయాక అన్న ప్యాకీకి వండిపెడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పొలం ప్యాకీది, ఆవులు ప్యాకీవి, ట్రాక్టరు ప్యాకీది. కోళ్లు ఆమెవి. పట్నం వెళ్లాలంటే ట్రాక్టరు వెనక నిలబడి, మడ్‌గార్డు పట్టుకుని వెళ్లాలి. అదీ ప్యాకీకి పనున్న రోజున, ప్యాకీకి పనున్న చోటికి.

ఆ వసంతకాలంలో పట్నంలోని కాన్వెంటు బడి వంటమనిషి పని మానేసింది. చర్చి నిధుల కోసం పెట్టే అమ్మకాల్లో అట్రాక్టా చేసిన రొట్టె తిన్న సిస్టరమ్మ ఎవరో ఆమెకి కబురు పెట్టింది. మే నెల మొదటి సోమవారం ఉదయం ఎనిమిదికి వంటగదిలో ఉండాలి. రాలేనంటే ఇంకొకామె సిద్ధంగా ఉంది. తొమ్మిది మైళ్లు. పదింటి లోపు బస్సు లేదు. ఒకసారి సైకిలు మీద వెళ్లి చూసింది. వానలో, ఎదురుగాలిలో గంటన్నర పట్టింది. చేరేసరికి పిండితే నీళ్లు కారే స్థితిలో ఉంది.

"కారు కొంటాను యూజీన్," అంది ఒక గురువారం నాతో. నేను అప్పట్లో జిల్లా గ్రంథాలయం వ్యాను నడిపేవాణ్ణి. గురువారాలు వాళ్ల దారి. చర్చి వెనక ఖాళీ స్థలంలో ఆ వ్యాను మీదే ఆమెకి క్లచ్ వదలడం నేర్పాను. "ఫింటన్ దగ్గర ఓ పచ్చకారుంది. ఎలాంటిదంటావ్?"

ఫింటన్ టీర్నన్ పశువుల బేరగాడు. ఆదివారాలు చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరిగేవాడు. "మరీ అన్యాయం చేసే మనిషి కాదులే," అన్నాను. వెళ్లి చూడలేదు. చేతిలో ఉన్న పుస్తకం మంచి పట్టుమీద ఉంది. చూసి రమ్మని ఆమె అడగనూ లేదు. ఆ రెండు కారణాల్లో మొదటిదే నిజం.

శనివారం ఆమె ఒక్కతే ఫింటన్ వాకిట్లోకి నడిచింది. పదమూడు క్రిస్మస్‌లు టర్కీ కోళ్లు పెంచి దాచుకున్న డబ్బు కోటు జేబులో ఉంది.

"ప్యాకీ రాలేదేం?" అన్నాడు ఫింటన్.

"కారు నాకు. ప్యాకీకి కాదు."

"ఓహో. అయితే ఐదొందలు."

"నాలుగొందలు."

"నన్ను రోడ్డున పడేస్తావా అమ్మాయ్?"

"నువ్వు పడవులే. నీకింకా రెండు కార్లున్నాయి."

ఫింటన్ పకపక నవ్వి, తేడా సగం చేసుకుందామని అరచేతిలో ఉమ్మి చెయ్యి చాపాడు. మా దగ్గర సంతలో బేరం అలాగే తెగుతుంది. చేతిమీద చెయ్యి చరుస్తారు. కొన్నవాడికి కలిసిరావాలని అమ్మినవాడు ఒక నోటు వెనక్కి ఇస్తాడు. ఆ నోటు జేబులో పెట్టుకున్నాక సరుకు గురించి ఇక మాట రాకూడదు. గుడ్డి గుర్రమైనా మింగి ఊరుకోవాలి. అదంతా మగవాళ్ల వ్యవహారం. ఆడవాళ్ల చెయ్యి ఎవరూ చరవరు. ఆమె బతుకులో మొదటిసారి ఒక మనిషి ఆమె ముందు చేతిలో ఉమ్మి నిలబడ్డాడు. ఆమె కూడా ఉమ్మి, చరిచింది. పది పౌండ్ల నోటు తీసుకుంది.

"ఆ చప్పుడు చెవిన పడ్డాక ఇంజను చప్పుడు వినడం మానేశాను," అంది తర్వాత నాతో. "ఇంకో వంద అడిగినా ఇచ్చేదాన్ని."

పనిలో చేరడానికి ఇంకా పదకొండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం, వాళ్ల సందు మొదట్లో ఆ పచ్చకారు అడ్డంగా ఆగి కనిపించింది. తలుపు తీసి ఉంది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టుకుని అట్రాక్టా కూర్చుని ఉంది.

"ఏమైంది?"

"మడమ ఇరుక్కుంది."

"ఎక్కడ?"

"రోడ్డు మీద."

వంగి చూశాను. ఆమె కొత్త బూటు మడమ కారు అడుగులోంచి దిగబడి నిజంగానే రోడ్డుని తాకుతోంది. బూటు విప్పించి, రబ్బరు పట్టా ఎత్తాను. దాని కింద ఇనుము ఉండాల్సిన చోట, ఇళ్లలో నేలమీద పరిచే లినోలియం ముక్క పరిచి ఉంది. గోధుమరంగు, మీగడరంగు గళ్లు, ప్రతి గడి మూలా చిన్న ఎర్రచుక్క. దాన్ని కూడా లాగేశాను. మిగిలిన రేకుని వేలితో పొడిస్తే బిస్కెట్టులా విరిగింది. గేరు పెట్టె నూనె కొంచెం బయటికి తీసి చూస్తే అందులో రంపపుపొట్టు. అరిగిపోయిన పళ్లు గరగరలాడకుండా ఉండటానికి పోస్తారు. ఓ నెల ఆగుతుంది, అంతే.

ఆమె ఆ లినోలియం ముక్కని చాలాసేపు పట్టుకుని చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఈ గళ్లమీద కుర్చీ వేసుకుని నేను టీ తాగాను యూజీన్. డీలియా వంటింటి నేల ఇది." డీలియా ఫింటన్ భార్య. "మంచిదే అయింది."

"ఏం మంచిది?"

"తనకి తెలీదని చెప్పడానికి ఫింటన్‌కి దారి లేదు కదా."

ఇంట్లో ప్యాకీ కంచంలోని ఉడికిన బంగాళాదుంప తొక్క తీస్తూ విన్నాడు. అతను చెడ్డమనిషి కాదు. చెల్లెలు ఇంట్లో లేని ఉదయం ఎలా ఉంటుందో తలచుకుంటే అతనికి భయం, అంతే.

"సరే, అయిపోయింది. సిస్టరుకి ఉత్తరం రాసెయ్, రాలేనని. బుద్ధొచ్చిందా?"

"వచ్చింది. ఈసారి కొనేటప్పుడు కింద పడుకుని చూస్తాను."

"ఈసారా?"

"ఆ డొక్కుని కొన్నందుకు ఎంతైనా తిట్టు, పడతాను. నేనూ తిట్టుకుంటున్నాను. అసలు కారెందుకు కొన్నావని మాత్రం అనకు."

మర్నాడు ఫింటన్ ఇంటికి వెళ్లింది. పనిలో చేరే సోమవారం లోపల అడుగున కొత్త రేకు అతికించి, గేరు పెట్టె మార్చి ఇమ్మంది. ఫింటన్ ఆమెని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు.

"చెయ్యి చరిచాం. నోటు తీసుకున్నావు. ఇంకేం మాట? పోనీ ఆ నోటు వెనక్కి ఇవ్వగలవా?"

"ఇవ్వలేను. కాళ్లకి తొడుక్కున్నాను."

ఫింటన్ ఆ బూట్ల వైపు చూసి నవ్వాడు. "మరింకేం? ఎవరికీ చెప్పుకోకు అమ్మాయ్. చెబితే నువ్వే నవ్వులపాలవుతావు."

"నవ్వనీ. అదేమైనా నెప్పా?"

బుధవారం పశువుల సంత. నా వ్యాను ఆ గేటు దగ్గరే ఆపేవాణ్ణి. ఆడవాళ్లు గేటు పక్కన టీ అమ్మే కిటికీ దాకా వచ్చేవాళ్లు గాని లోపలికి వచ్చేవాళ్లు కాదు. అట్రాక్టా టీ కిటికీ దాటి, పేడ తొక్కుకుంటూ, చంకలో ఏదో చుట్ట పెట్టుకుని నేరుగా నడిచింది. నేను పుస్తకం మూసి వెనకే వెళ్లాను. ఫింటన్ ఎవరో కావన్ జిల్లా ఆయనకి ఒక ఎర్రపెయ్యని అంటగడుతున్నాడు. ఇద్దరి చేతులూ గాలిలో ఉన్నాయి.

"అయ్యా, ఆ చెయ్యి కాస్త ఆపండి," అంది అట్రాక్టా. "ముందు ఆ పెయ్య పొట్టకింద చూసుకోండి. లినోలియం వేశాడేమో."

చుట్ట విప్పి బురదలో పరిచింది. ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పింది. గొంతు పెంచలేదు. కంచెమీద మోచేతులు ఆనించిన మగవాళ్లంతా వంగి ఆ గళ్ల వైపు చూశారు.

"డీలియా వంటింట్లో నిలబడ్డట్టే ఉందిరా," అన్నాడొకడు. "బూట్లు తుడుచుకోండి," అన్నాడు ఇంకొకడు. నవ్వు కంచె పొడుగునా పాకింది.

ఫింటన్ మెడ ఎర్రబడింది. "నోటు తీసుకున్నాక నోరు మెదపకూడదు. అది కట్టుబాటు. ఈ సంతలో ఏ మగాడూ దాన్ని తప్పలేదు."

"ఏ మగాడూ తప్పలేదు, నిజమే. నేను మగాణ్ణి కానని యాభై రెండేళ్లుగా చెబుతున్నది మీరే కదా. టీ కిటికీ దాటొద్దన్నారు. పొలం నీకెందుకన్నారు. మరి నోరు మూసుకోవాల్సి వచ్చేసరికి మగాణ్ణైపోయానా?"

కావన్ ఆయన మెల్లగా చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాడు.

"పో, నీ డబ్బు తీసుకుపో," అన్నాడు ఫింటన్.

"డబ్బు మీదెక్కి పట్నం పోలేను. సోమవారం ఎనిమిదికి నేనక్కడ ఉండాలి. నా కారు బాగుచేసి తెచ్చేదాకా నీ కారు నా వాకిట్లో ఉండాలి."

"నా కారా? నీకేమైనా మతిపోయిందా?"

అతను పెయ్యని తోలుకుని వెళ్లిపోయాడు. సంతంతా అట్రాక్టా మాట విన్నా, ఆమె చేతికి కారు మాత్రం రాలేదు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. కానుకల పళ్లెం పట్టే మనిషిని సంతలో నిలబెట్టి కడిగేసిందని చర్చి ఆడవాళ్లలో కొందరు మొహం తిప్పుకున్నారు. ప్యాకీ మాట్లాడటం మానేశాడు. ఆమె రెండు ఏప్రన్లు ఉతికి ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుంది. సిస్టరుకి ఉత్తరం రాయలేదు. సోమవారం నాలుగున్నరకి లేచి, గొడుగు చేత్తో పట్టుకుని తొమ్మిది మైళ్లూ నడుస్తానంది. మొదటి రోజు నడుస్తావు, నలభయ్యో రోజు? అన్నాను. నలభయ్యో రోజున అడుగు, అంది.

ఆదివారం పూజ అయిన అరగంటకి ఫింటన్ పెద్ద కారు వాళ్ల వాకిట్లోకి వచ్చింది. నడుపుతున్నది డీలియా. దిగి, నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"ఆ ముక్క ఏదీ?"

అట్రాక్టా తలుపు వెనక నుంచి తీసి ఇచ్చింది. కడిగే ఉంచింది.

"వంటింటికి వేయగా మిగిలితే సామాన్ల గదికని దాచుకున్నాను దీన్ని," అంది డీలియా. "దూడల కొట్టంలో వేశానని చెప్పాడు నాతో. నాలుగు రోజుల్నించీ నా వంటింట్లోకి వచ్చిన ప్రతివాడూ నా మొహం చూడటం మానేసి నేలవైపు చూస్తున్నాడు. పాలవాడు వంగి తడిమి చూశాడు." కారు తాళంచెవి బల్లమీద పెట్టింది. "నన్ను ఇంటిదగ్గర దింపి బండి తెచ్చుకో. నీది బాగయ్యేదాకా ఉంచుకో."

"ఫింటన్‌కి తెలుసా?"

"చర్చిలో పళ్లెం డబ్బులు లెక్కపెడుతున్నాడు. నడిచొస్తాడులే. నాలుగు మైళ్లేగా."

ప్యాకీ ఏదో అనబోయాడు. డీలియా అతని వైపు ఒక్క చూపు చూసింది. టీ కలపడానికి లేచాడు. టీ పెట్టడం అతనికి చేతనవునని ఆ ఇంట్లో అప్పుడే తెలిసింది.

డీలియాని దింపడానికి వెళ్తూ అట్రాక్టా నడిపింది. పెద్ద కారు, గేర్లు వేరు. సగం దారిలో ఆదివారం సూటు వేసుకుని గట్టు పక్కనుంచి నడుస్తున్న ఫింటన్ కనిపించాడు. చెయ్యెత్తాడు.

"ఆపనా?" అంది అట్రాక్టా.

"ఆపకు. కొత్తగా నేర్చుకుంటున్నావు, ఎత్తుమీద ఆపితే మళ్లీ కదలదు," అంది డీలియా.

పచ్చకారు మూడు వారాల తర్వాత అడుగున కొత్త రేకుతో, వేరే గేరు పెట్టెతో తిరిగొచ్చింది. ఫింటన్ దాని మీద ఎంత ఖర్చు పెట్టాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె దాన్ని ఆరేళ్లు నడిపింది, ఒక్కరోజు కూడా మెచ్చుకోలేదు. చలికాలంలో స్టార్టవదు, వానకి అద్దం మూసుకోదు. కొని తప్పు చేశానని ఎవరు అడిగినా ఒప్పుకునేది. ఎందుకు చేసిందో కూడా దాచకుండా చెప్పేది. కొనకముందే నేను వెళ్లి ఆ కారు చూసి ఉండాల్సిందని ఒకసారి ఆమెతో అన్నాను. "ఉండాల్సిందే," అంది. ఓదార్చలేదు. అందుకు ఇప్పటికీ ఆమెంటే గౌరవం నాకు.

అది తర్వాత సంగతి. ఆ సోమవారం మాత్రం ఆమె ఫింటన్ కారులో బయల్దేరింది. చర్చి మలుపు ఎత్తుమీద రెండుసార్లు బండి ఆగిపోయింది. వెనక పాలలారీ హారన్ కొట్టింది. ఆమె అద్దం దించి, తొందరైతే ఎగిరి పొమ్మంది. మూడోసారికి కదిలింది. ఎనిమిదికి ఇరవై నిమిషాలుండగా కాన్వెంటు వెనక వాకిట్లో ఆపి, వానలో నడిచి వంటగది తలుపు తట్టింది. సిస్టరు గడియ తీసింది. "ఇంత పొద్దున్నే, ఈ వానలో ఎవరు దింపారమ్మా నిన్ను?" అంది.

"ఎవరూ దింపలేదు సిస్టర్. నడుపుకుంటూ వచ్చాను," అంది అట్రాక్టా ఏప్రన్ కట్టుకుంటూ. "ఎంతమందికి వండాలి? దుంపలెక్కడున్నాయి?"