ఆలూరులో జొన్నల డబ్బా, ఎర్రగుంట్లలో నేను

పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి చేరే దూరం. ఏర్పాట్లకు మాత్రం మూడు నెలలు పట్టింది. ఆలూరులో మా ఆయనది కిరాణా కొట్టు. ఎనిమిదేళ్లలో ఆయన నా చెయ్యి రెండుసార్లు విరగ్గొట్టాడు. రెండుసార్లూ ఆసుపత్రిలో బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పాను. మూడోసారి ఆ కథ చెప్పే ఓపిక నాకు లేదు.

ఈ దారిన రావాలనుకునే ఆడవాళ్లకు ఒక మాట. సామాను సర్దకండి. నా సర్టిఫికెట్లు, నాలుగు చీరలు మా ఊళ్లో పిండి మిషను నడిపే ఖాసింబీ అక్క విడతలుగా ఎర్రగుంట్లలో మా చిన్నమ్మకు చేర్చింది. పోయే రోజు ఇంట్లో ఏదీ మార్చొద్దని మహిళల హెల్ప్‌లైన్ అమ్మాయి చెప్పింది. అందుకని ఆయనకిష్టమైన వంకాయ పులుసే చేశాను, ఉప్పు కూడా సరిగ్గా వేశాను.

సంత రోజు ఎనిమిదిన్నరకు జొన్నల డబ్బాతో మిషనుకు వెళ్లాను. మా ఊళ్లో డబ్బా వరుసలో ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఆయన గంటకోసారి ఫోన్ చేసి "యాడుండావు?" అంటాడు. నేనెక్కడున్నానో ఆ ఫోనులోనే చూస్తాడు కూడా. దాన్ని సంచిలో పెట్టి డబ్బాకు కట్టేశాను. మిషను మోతలో ఫోను వినపడదని ఆయనకూ తెలుసు.

తొమ్మిదింపావుకు గుంతకల్లు బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గుంతకల్లు రైల్వే స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బజ్జీ తింటూ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఎవరూ కారణం అడగరు.

ప్లాట్‌ఫారం మీద మా కొట్టుకు నూనె డబ్బాలు వేసే తిప్పన్న ఎదురయ్యాడు.

"ఏమ్మా, ఒక్కదానివే యాడికి పోతాండావు? శెట్టి రాలేదా?"

"సంత కదన్నా. చిన్నమ్మోళ్లతో గండికోట చూసేకి పోతాండా."

"ఉండు, రైలు లేటని శెట్టికి చెప్తా" అని ఫోను తీశాడు. అవతల మోగుతూనే ఉంది, మా ఆయన ఎత్తలేదు.

"సంతలో ఫోనెత్తితే బేరం పోతాదన్నా" అన్నాను.

"అదీ నిజమేలే" అని జేబులో పెట్టుకున్నాడు. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ గండికోట గురించి నాకు తెలియనివన్నీ తిప్పన్నకు చెప్పాను.

తాడిపత్రిలో ఎక్కిన ఒక పెద్దమ్మ నా వంకర మోచేతిని చూసింది. చీనికాయ, అదే బత్తాయి, ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. తొక్కలు నేను కొంగులో మూటగట్టి ఒడిలో దోపుకున్నాను.

ఒకటిన్నరకు ఎర్రగుంట్ల. సిమెంటు లారీల దుమ్ములో చిన్నమ్మ నిలబడి ఉంది. ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, నా ఇష్టంతోనే వచ్చానని, ఆయన చేసిందంతా కూడా రాసిచ్చాం. తర్వాత చిన్నమ్మ ఫోనుతో ఖాసింబీ అక్కకు చేశాను.

"మీ ఆయన వచ్చినాడు. డబ్బా చూసి, ఇంకా నీ వంతు రాలేదని పోయినాడు" అంది. "వచ్చినోళ్లందరినీ ముందుకు పంపి, నీ డబ్బా వెనక్కి జరుపుతానే ఉండా. ఇప్పుడేం చేయల్ల?"

"పిండి పట్టించి రొట్టెలు చేసుకోక్కా" అన్నాను. ఇద్దరం నవ్వాం. నాకు నవ్వు ఆగాక ఏడుపొచ్చింది.

ఆటోలో చిన్నమ్మ ఇంటికి పది నిమిషాలు. మధ్యలో అలవాటుగా ఫోను కోసం ఒడిలో వెతుక్కున్నాను. ఒడిలో చీనికాయ తొక్కలున్నాయి. నేనెక్కడున్నానని ఎవరూ అడగలేదు.